మా బావగారికి రాసిచ్చిన రుమేనియా రచయిత

దుర్గ్ జిల్లా భిలాయి, వైశాలి నగర్‌లో ఉంటున్న కనకలత అనే నేను, కృష్ణమోహన్ గారి భార్యను, స్టీల్ ప్లాంటు ఫిట్టరు కీర్తిశేషులు అప్పలసూరి గారి కుమార్తెను, వయస్సు యాభై ఆరు, గృహిణిని, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా నా చేత్తో రాస్తున్నాను. బుద్ధి సరిగా ఉందని డాక్టరు గారి చీటీ జతపరిచాను. ఆయన చూసింది రక్తపోటు మాత్రమే. బుద్ధి సంగతి నా మాట నమ్మి రాసిచ్చారు.

వచ్చే బుధవారం నాకు ఆపరేషన్. పెద్దదేం కాదంటున్నారు. అయినా నేను తిరిగి రాకపోతే నా రెండు నోటుబుక్కులు వారం తిరక్కుండా పాత కాగితాలు కొనే రద్దీవాలా తక్కెడలోకి ఎక్కుతాయి. ఒకసారి ఎక్కాయి కూడా. అందుకే ఈ కాగితం. దీన్ని అమలు చేసే బాధ్యత పక్కింటి సత్యవాణి గారిది. ఆవిడ ముప్పై ఏళ్ళు లెక్కల టీచరు, ఎవరి ఏడుపుకీ కరగరు.

1. వంటింటి డబ్బాలన్నీ నా భర్తకు. ప్రతి డబ్బా మీదా చీటీ ఉంది, చదువుకోవడం ఆయన వంతు. "ఎవడో రుమేనియా ముసలాడి గొడవ నీకెందుకే, అక్కడ కూర మాడిపోతోంది" అని ఏళ్ళ తరబడి అన్నారు. కూర మాడింది రెండుసార్లే, తేదీలు నా దగ్గరున్నాయి. నేను రాసుకున్నన్నాళ్ళూ సాయంత్రం టీ ఆయనే పెట్టారన్నది కూడా ఇందులో నమోదు కావాలి. నా ఊలు శాలువా ఆయనకే. కప్పుకోవడానికి సిగ్గైతే కాళ్ళ మీద వేసుకోవచ్చు.

2. నోటుబుక్కుల్లో ఏముందో వారసులకు తెలియాలి. 1974లో మా నాన్న ఆరు నెలల శిక్షణకు రుమేనియా వెళ్ళాడు. అక్కడి ఉక్కు కర్మాగారంలో పానాలు లెక్కపెట్టి ఇచ్చే స్టోరు మనిషి పేరు లెవొంతె బర్సాన్. భిలాయిలో రష్యా ఇంజనీర్ల దగ్గర నాన్న నేర్చిన రష్యన్, బర్సాన్ జైల్లో నేర్చిన రష్యన్ కలిపితే ఒక మనిషికి సరిపడా భాష అయింది.

బర్సాన్ రచయిత. ఒక క్యూ గురించి కథ రాశాడు. ఏం అమ్ముతారో తెలియకుండా జనం దుకాణం ముందు నిలబడతారు. దుకాణం ఖాళీ అని తెలిశాక కూడా కదలరు, ముందున్నవాళ్ళకి హోదా వచ్చేసింది కదా. దుకాణం అంటే ఎవరని పోలీసులు అడిగారు. దుకాణమే అన్నాడు. ఆరేళ్ళు వేశారు. జైల్లో కాగితం ఇవ్వలేదు. చొక్కా అంచు నుంచి దారం లాగి, కూతురికి రాయవలసిన ఉత్తరాన్ని వాక్యానికో ముడి వేసి కంఠస్థం చేశాడు. విడుదలయ్యాక కలం పట్టనివ్వలేదు, స్టోరులో పడేశారు.

రేషన్ షాపు దగ్గర నిలబడ్డప్పుడల్లా నాన్న నాకీ కథ చెప్పేవాడు. "ముందుకెళ్లిపోకమ్మా, ముందున్నోడికి హోదా వచ్చీసినాది" అని నవ్వేవాడు. ఆయన పోయాక నేను బర్సాన్ జీవితం రాశాను, పాత పద్దుల పుస్తకాల్లో.

3. రిసాలిలో ఉంటున్న నా భర్త అన్నగారు గురునాథరావు గారు ముప్పై ఏళ్ళు యూనియన్‌లో తిరిగిన ఎర్రజెండా మనిషి. 2019లో వారింటికి సున్నం వేస్తున్నప్పుడు పది రోజులు మా ఇంట్లో ఉన్నారు. ఖాళీగా కూర్చోలేక అరలు సర్ది, నా పుస్తకాలను పాత పేపర్లతో పాటు అమ్మేశారు. అడిగితే, "ఏటమ్మా కనకం, పాత పద్దులనుకున్నాను. ఆడోళ్ళ రాతల్లో ఏటుంటాది, పప్పూ ఉప్పూ కదా" అన్నారు. బర్సాన్ జైల్లో చేసిన పని నేను వంటింట్లో చేశాను. అప్పడాలు ఒత్తుతూ ఒక్కో వాక్యం గుర్తు తెచ్చుకుని మళ్ళీ రాశాను. పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ బావగారు భోజనానికొస్తే అప్పడం వడ్డించలేదు. ఆయన గమనించలేదు.

4. ఆ రాతకు ఫోటోకాపీ తీయించి మా అమ్మాయి రజనికి ఇచ్చాను. దానికి తెలుగు చదవడం రాదు. వాటి మీద ఇస్త్రీ పెట్టె పెట్టింది. ఫోన్‌లో ఫోటోలు తీయమంటే "హో జాయేగా మమ్మీ", అయిపోతుందిలే అని తీసి, ఫోన్ మార్చేసింది. ప్రేమ ఉన్న చోట భద్రత లేదు.

బర్సాన్ చివరి ఉత్తరం 2001లో వచ్చింది. అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం కూలాక తన పోలీసు ఫైలు చూడనిచ్చారట. తగలబెట్టారనుకున్న క్యూ కథ అందులో ఉంది, ప్రతి పేజీకీ నంబరు, అంచున నోట్సు. స్నేహితులకిచ్చిన నకలు ఒక్కటీ మిగల్లేదు.

ఆ ఉత్తరం తలుచుకుని ఈ మధ్య బావగారి ఇనప బీరువా తెరిపించి చూశాను. సొంత యూనియన్ కరపత్రాలు వాళ్ళ వంటింటి అరల్లో పరిచారు. ఎదుటి యూనియన్‌వి మాత్రం 1983 నుంచి ఒక్కటి పోకుండా, తేదీల వరుసలో, ఎర్ర పెన్సిల్ గీతలతో బీరువాలో ఉన్నాయి. నా పుస్తకాన్ని ఆయన చదవకుండా పారేశారు. అక్కడే పొరపాటు జరిగింది. చదివుంటే కోపంతోనైనా దాచేవారు.

5. కాబట్టి రెండు నోటుబుక్కులూ సర్వహక్కులతో గురునాథరావు గారికే. షరతులు: మొదటి పేజీ నుంచి చదివి, అభ్యంతరాలు అంచున ఎర్ర పెన్సిల్‌తో రాయాలి. ప్రతి ఆదివారం రజనికి చదివి వినిపించాలి. అది హిందీలో దెబ్బలాడుతుంది, ఆయన తట్టుకోవాలి. జవాబు రాని అభ్యంతరం ఉన్నంతకాలం ఫైలు మూయకూడదన్నది ఆయన యూనియన్‌లో పెట్టిన నిబంధనే. జవాబు చెప్పవలసినదాన్ని నేను. నేనుండను.

6. రజనికి నా గాజులు, దారం ఉన్న అగ్గిపెట్టె. బర్సాన్ బయటికొచ్చేసరికి ఆయన కూతురు ఇంటిపేరు మార్చుకుంది, తండ్రి ఎవరో చెప్పుకోవడం మానేసింది. "నీకు అయిదేళ్ళ పిల్ల ఉందన్నావుగా" అని బర్సాన్ ఆ దారం మా నాన్న జేబులో పెట్టాడు. ముప్పై ఒక్క ముడులు. మొదటిదానికి వాక్యం: చలిగా ఉంది, టోపీ పెట్టుకో. మిగతా ముప్పై వాక్యాలూ రెండో పుస్తకం అరవై ఒకటో పేజీలో ఉన్నాయి. రజనీ, మీ పెదనాన్న చదువుతుంటే ఒక్కో ముడీ పట్టుకో. ఆయన మధ్యలో చదవడం ఆపితే మంచినీళ్ళిచ్చి, అభ్యంతరం రాయమని గుర్తు చెయ్యి.

7. బుధవారం దాటి నేను ఇంటికొస్తే ఇదంతా రద్దు. శాలువాతో సహా.

భిలాయి, 14 నవంబరు 2025
(సంతకం) కనకలత

సాక్షులు:
1. శరత్, మందుల షాపు, వైశాలి నగర్.
2. రాజాబాబు, రద్దీ వ్యాపారి. హిందీలో చదివి వినిపించగా విని, ఈ ఇంటి నుంచి చేతిరాత పుస్తకం ఎవరిచ్చినా తూచనని ఒప్పుకుని వేలిముద్ర వేశాడు.