ఉదయశ్రీ పది బల్బులు

ఆగస్టు 25, సోమవారం

ఆఫీసు వినాయకుడికి లైట్లు నేనే పెడతానని నోరు జారాను. ఐదు మీటర్ల ఎల్ఈడీ స్ట్రిప్, నూట యాభై బల్బులు. ఒక్కో బల్బుకు విడిగా ఒక నంబరు. పదిహేడు పసుపు అంటే అదొక్కటే పసుపు. నాకు వచ్చింది జావాస్క్రిప్టే కాబట్టి కోడ్ అందులోనే రాశాను. ల్యాప్‌టాప్‌లో రంగు మారిస్తే గోడ మీద మారుతోంది! ఏడేళ్ళుగా పేమెంట్ పేజీల్లో బటన్లు చేస్తున్నాను. చేత్తో తాకగలిగింది చేయడం ఇదే మొదటిసారి.

మా ఫ్లోర్ ఊడ్చే అంజమ్మ చూసి, ఏందమ్మా లైట్లు గిట్ల ఉరుకుతున్నయ్, దేవునికి కండ్లు తిరగవా అంది. వేగం తగ్గించాను.

సెప్టెంబరు 8, సోమవారం

నిమజ్జనం అయిపోయింది. స్ట్రిప్ విప్పుతుంటే మేనేజర్ నితీష్ ఆపాడు. టీమ్‌లో పదిహేను మంది, మనిషికి పది బల్బులు, సరిగ్గా సరిపోయాయట. ల్యాప్‌టాప్ మీద పని జరుగుతుంటే పచ్చ, పావుగంట కదలిక లేకపోతే ఎరుపు. జస్ట్ ఫర్ ఫన్ అన్నాడు. నాకు ఇంకేం కావాలి? మధ్యాహ్నానికల్లా చేసి ఇచ్చాను. రోజంతా ఎవరు ఎంతసేపు పచ్చగా ఉన్నారో ఒక షీట్‌లో పడేలా కూడా రాశాను. అది వాడు అడగనేలేదు. నా అతి.

సెప్టెంబరు 10

పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి. అరవై ఒకటి నుంచి డెబ్భై దాకా బల్బులు ఎరుపు. ఉదయశ్రీ.

సెప్టెంబరు 11

ఉదయది నా పక్క సీటే. బాబుకు ఏడు నెలలు. లీవు అయి వచ్చి నెల కూడా కాలేదు. పాలు తీసి సీసాల్లో పెట్టడానికి రోజుకు రెండుసార్లు మదర్స్ రూమ్‌కు వెళ్తుంది. అరగంట పడుతుంది. సాయంత్రం ఐసు సంచిలో ఆ సీసాలు ఆమెతో మియాపూర్‌లో ఇంటికి వెళ్తాయి.

ఇవాళ నితీష్ గోడ వంక చూసి, ఉదయశ్రీ గారి సీట్లో సిగ్నల్ పడిందిరోయ్ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో!

సెప్టెంబరు 16

ఉదయ ఇవాళ సీట్లోంచి లేవలేదు. నిన్నా లేవలేదు. పది బల్బులూ పొద్దున్నుంచీ పచ్చగానే ఉన్నాయి. నితీష్ గుడ్ అన్నాడు.

సెప్టెంబరు 18, మధ్యాహ్నం 2

కాలు ఒక చోట నిలవడం లేదు. ఇప్పటికి మూడు కాఫీలు.

అంజమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఉదయమ్మకు పాలు గడ్డకట్టినయ్, ఒళ్ళు కాలుతున్నది, బాత్రూంల కూసొని ఏడుస్తున్నది, దవాఖానకు పొమ్మంటే గా లైటు ఎర్రగైతదని భయపడ్తున్నది, గా లైట్లు పెట్టింది నువ్వే గదమ్మా అంది.

నేనే.

ఉదయను ఇంటికి పొమ్మన్నాను. వద్దు భానూ, లిస్టు తయారవుతోందట, ఇద్దరిని పీఐపీలో పెడతారట, ఈ నెల గడవనీ అంది. పీఐపీ అంటే పని మెరుగుపరుచుకోమని మూడు నెలల గడువు, ఆ తర్వాత గుమ్మం బయట. వాళ్ళాయన కంపెనీ మార్చిలోనే మూతపడింది. ఆమె ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోంది.

సాయంత్రం 5

నితీష్ దగ్గరికి వెళ్ళి తీసేస్తానన్నాను. లైటు తీసెయ్, షీట్ ఉంచు అన్నాడు. నెలాఖరుకు అది హెచ్ఆర్‌కు వెళ్తుందట. ఉదయ లేచి వెళ్ళేది ఎందుకో తెలుసు కదా అంటే, డేటా అబద్ధం చెప్పదు అన్నాడు. వాడు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. స్ట్రిప్ పీకేశాను. షీట్ నడుస్తూనే ఉంది. కొరివితో తల గోక్కున్నానని అనడానికీ లేదు. కాలింది నా తల కాదు.

సెప్టెంబరు 19

ఉదయకు నూట రెండు జ్వరం. రాలేదు. షీట్‌లో ఆమె వరస అంతా ఎరుపు. సెలవు అంటే ఏమిటో దానికి తెలియదు. నేను నేర్పలేదు.

సెప్టెంబరు 22, సోమవారం

పొద్దున తొమ్మిదింటికి చేతి గడియారం తీసి టేబుల్ మీద పెట్టాను. దాని మీద మౌస్ పెట్టాను. కింద సెకన్ల ముల్లు తిరుగుతుంటే మౌసే కదులుతోందనుకుంటుంది ల్యాప్‌టాప్. ఆటో ఎక్కి మియాపూర్ వెళ్ళిపోయాను.

ఉదయ లేచి కూర్చుంది. మందులు పనిచేస్తున్నాయి. బాబు నా వేలు పట్టుకుని వదల్లేదు. ఆమె అత్తగారు బాలాత్రిపురసుందరి గారు ఉప్మా పెట్టి, ఇవాళ ఆఫీసు లేదామ్మా అని అడిగారు. ఉందండీ, నా బదులు గడియారం చేస్తోంది అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఇంకాస్త ఉప్మా వేశారు.

ఐదింటికి తిరిగొచ్చాను. ఎక్కడికి వెళ్ళావని ఎవరూ అడగలేదు.

సెప్టెంబరు 23

టీమ్ కాల్‌లో నితీష్ నన్ను పేరు పెట్టి మెచ్చుకున్నాడు. నిన్న షీట్‌లో అందరికంటే పచ్చగా ఉన్నది నేనేనట. భానుశ్రీని చూసి నేర్చుకోండి అన్నాడు.

రెండేళ్ళుగా వాయిదా పడుతున్న నా ప్రమోషన్ అక్టోబరులో రావాలి. నోరు మూసుకుంటే వస్తుంది.

సెప్టెంబరు 24

చెప్పేశాను.

హెచ్ఆర్ జయంతి గారి టేబుల్ మీద గడియారం పెట్టి, మౌస్ పెట్టి, షీట్ తెరిచాను. ఇరవై నిమిషాలు ఇద్దరం చేతులు కట్టుకుని కూర్చున్నాం. నా వరస పచ్చగానే ఉంది. ఉదయ ఎందుకు లేచి వెళ్తుందో కూడా చెప్పాను. అయితే ఈ షీట్ చెల్లదు అన్నారావిడ. ప్రాణం లేచొచ్చింది.

ఆ వెంటనే, అయితే సోమవారం మీరు పనిలో లేకుండానే ఉన్నట్టు చూపించారు అన్నారు. అవునండీ అన్నాను. రాసివ్వమన్నారు. రాసిచ్చాను.

అక్టోబరు 6, సోమవారం

జయంతి గారు పిలిచారు. పీఐపీ లిస్టులో ఉదయ పేరు లేదు. నాది ఉంది. ఉదయకు ఇంకా తెలియదు.

పదకొండింటికి ఆమె ఐసు సంచి తీసుకుని లేచి వెళ్ళింది. ఎవరూ తల ఎత్తలేదు.