చప్పట్లు కొట్టనిది మీరొక్కరే

అంబాజీపేట,
జనవరి 1997

ప్రియమైన చిట్టెమ్మక్కకి,

మండపేటలో శిక్షణ జరిగినన్నాళ్లూ పక్కపక్కనే కూర్చున్నాం కాబట్టి అక్కా అని పిలిచే చనువు తీసుకుంటున్నాను. తుఫానులో గోడ కూలి మా ఆయన పోయినప్పుడు నేను నలుగురిలో ఏడవలేదు. అందుకని నన్ను ధైర్యవంతురాలిగా లెక్కకట్టి, దెబ్బతిన్నవాళ్ల బాధ ఎలా వినాలో నేర్చుకు రమ్మని మా హెడ్మాస్టారు అక్కడికి పంపారు. ఎంత చక్కటి ఎంపికో చూడండి.

చివరిరోజు జంటలుగా చేయించిన అభ్యాసం గుర్తుందిగా. నేను కొబ్బరితోట పోయిన రైతుని, మీరు వినే మనిషి. చెట్ల గురించే మొదలుపెట్టాను గానీ నోరు నా అదుపులో ఉండలేదు. "ఇంట్లో మగదిక్కు ఉందనుకుంటారని ఆయన చెప్పులు గుమ్మంలోనే ఉంచానండి. బయటినుంచి వచ్చినప్పుడల్లా నేనే మోసపోతున్నానండి. ఇంక నావల్ల కాదండి" అన్నాను. హాలంతా చప్పట్లు. శిక్షణ ఇచ్చిన శాంతికుమార్ గారు "ఏంటమ్మా, నాటకాలేసేదానివా?" అని మెచ్చుకున్నారు. రైతుకి మొగుడేంటని ఒక్కరూ అడగలేదు. టీలొచ్చాయి. నేనూ నవ్వుతూ బిస్కెట్ తిన్నాను.

చప్పట్లు కొట్టనిది మీరొక్కరే. మీకు తెలిసిపోయిందనుకున్నాను. అది నటన కాదక్కా. మా పాప శృతిని పెద్దాపురంలో మా అమ్మ దగ్గర దింపి వచ్చాను. చిన్నపిల్ల, త్వరగానే మరిచిపోతుంది. నాకు బతకాలని లేదు. ఎవరో ఒకరికి నిజం చెప్పి పోవాలనిపించింది.

మీ
కౌముది


కౌముదీ, తల్లీ,

నీ ఉత్తరం అందగానే అంగన్‌వాడీకి తాళం వేసి బస్సెక్కాను. తలుపు కొడితే లోపలినుంచి "తలనొప్పిగా ఉందండి, రేపు రండి" అన్నావు. అందుకే నీ అరుగు మీదే కూర్చుని ఇది రాసి తలుపు కిందనుంచి తోస్తున్నాను.

నేను చప్పట్లు కొట్టకపోవడం నువ్వనుకున్నందుకు కాదమ్మా. ఆ రోజు నేను అసలు వినలేదు. మధ్యలో మాట్లాడకూడదు, సలహా ఇవ్వకూడదు, కళ్లలోకి చూడాలి అని నాలో నేను వల్లె వేసుకుంటున్నాను. నువ్వేం చెప్పావో నీ ఉత్తరంలో చదివాకే తెలిసింది. బస్సులో దారంతా ఏడ్చాను.

ఇలాంటప్పుడు డొంకతిరుగుడు లేకుండా అడగమని నేర్పారు కదా. అడుగుతున్నాను. చచ్చిపోదామనుకుంటున్నావా? అవునంటే అవునను. నేను తిట్టను, ఏడవొద్దనను, పాప ముఖం చూసి బతకమనీ అనను. తర్వాత ఇద్దరం కలిసి డాక్టరు గారి దగ్గరికి వెళ్దాం. ముందు నువ్వు చెప్పు, ఈసారి వింటాను.

జవాబు కాగితం మీద వద్దు. గడియ తియ్యి. ఆఖరి బస్సు పోతే పోనీ, నేను కదలను. తియ్యలేకపోతే తలుపుకి ఆనుకుని కూర్చుని చెప్పు. అలాగైనా నాకు వినిపిస్తుంది.

నీ
చిట్టెమ్మక్క