ముందు ఎక్కింది నేను కాదు

పర్వతారోహక సంఘం కార్యదర్శి గారికి,

మీరు పంపిన పతకం నిన్న అందింది. ఈ ఉత్తరంతోపాటే తిప్పి పంపుతున్నాను. రాబెన్‌కోగెల్ కొండ తూర్పు రాతిగోడ మీద దారి తీసింది నేనేనని, థెక్లా ఓబర్‌హోఫర్ గారిని తాడుతో పైకి లాగానని మీ పత్రికలో వేశారు. ఈ అబద్ధం మీకెవరు చెప్పారు? నేను చెప్పలేదు. ఆవిణ్ణి మీరసలు అడగనే లేదు.

జరిగింది వినండి. అంతకుముందు మా ఊరి మగవాళ్లం మూడుసార్లు ఓడిపోయి దిగొచ్చిన గోడ అది. ఈసారి ఆవిడా నేనూ సగం ఎక్కాక వడగళ్లు మొదలయ్యాయి. తలమీద రాయి బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఇరవై ఏళ్లుగా గైడుగా బతుకుతున్న నాకే భయమేసింది.

"దిగిపోదాం తల్లీ, ఇది మనవల్ల కాదు" అన్నాను.

"నీవల్ల కాదను. తాడు గట్టిగా పట్టుకో" అని ఆవిడ ముందుకెళ్లింది. గంటసేపు ఆ రాతితో పెనుగులాడి పైకి చేరింది. ఆపైన నన్ను లాగుతూ, "ఏమయ్యా, అక్కడే కాపురం పెడతావా?" అని కేకేసింది.

ఇప్పుడు బీరు కొట్లో ప్రతివాడూ నా వీపు తడుతున్నాడు. నా భార్య నోట్‌బుర్గాకు ఆ రోజే నిజం చెప్పాను. మీ పత్రిక వచ్చినప్పటినుంచి ఆమె ముఖం చూడలేకపోతున్నాను. పొగిడి నన్ను దొంగను చేశారు మీరు.

ఆడది ముందు ఎక్కిందని అచ్చు వేయడానికి మీకు సిగ్గయితే, మగవాడు భయపడ్డాడని వేయండి. నా పేరుతోనే వేయండి.

ఇట్లు,
ఆవిడ వెనక ఎక్కిన గైడు