బాలమ్మ సమాధి మీది ఉల్లి బండ

చింతల జానయ్య అను నేను, తండ్రి కీర్తిశేషులు చింతల దావీదు, వయసు అరవై మూడు, వృత్తి బండల మేస్త్రీ, ప్రస్తుతం పని లేదు, కోదాడలో కాలువ కట్ట దగ్గరి సొంత ఇంట్లో ఉంటూ, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి రాయిస్తున్న వీలునామా ఇది. ఊపిరితిత్తులు చెడిపోయాయి గాని బుర్ర బాగానే ఉంది. సూర్యాపేట దవాఖాన డాక్టరు ఇచ్చిన చీటీ జతచేశాను. "ఆరోగ్యంగా ఉండి" అనే మాట మామూలుగా ఇక్కడ వేస్తారట. దస్తావేజు లేఖరి వెంకట్ వేయబోతే కొట్టేయించాను. అబద్ధంతో మొదలుపెట్టడం నాకిష్టం లేదు.

ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. ఇప్పుడు రాయించడానికి కారణం నా భార్య బాలమ్మ సమాధి మీద ఉన్న బండ. దాన్ని ఎత్తి చూడాలని యూనివర్సిటీ అమ్మాయి రమ్య అడుగుతోంది. ఎత్తనివ్వనని నా కొడుకు వినయ్ అంటున్నాడు. ఆ బండ గురించి ఇద్దరికీ తెలియని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. ఏడో అంశంలో చెబుతాను. ముందు చిన్నవి తేల్చేస్తాను, పెద్దదానికి ధైర్యం కూడగట్టుకోవాలి.

1. కోదాడలోని నా ఇల్లు, వెనక ఉన్న ఖాళీ జాగాతో సహా, నా తదనంతరం కొడుకు వినయ్‌కు, కూతురు సౌమ్యకు సమాన హక్కులతో చెందాలి. వినయ్ క్వారీలో పొక్లెయిన్ నడుపుతాడు, కాబట్టి ఇంట్లో ఉండేది వాడే. సౌమ్య మిర్యాలగూడలో టీచరు. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత సౌమ్యది. పెద్దవాణ్ణి నేనుండగా చెల్లెలికి ఎందుకు అప్పగించావని వినయ్ అడుగుతాడు. ఎందుకంటే నాయనా, నువ్వు ముందు అరుస్తావు, తరువాత వింటావు. ఆ గుణం నా నుంచే వచ్చింది, నీ తప్పు లేదు.

2. బాలమ్మ ట్రంకుపెట్టెలో పాత క్యాలెండర్ల కట్ట ఉంది. ప్రతి కాగితం వెనకా ముగ్గులే. ఆమె తుంగతుర్తిలో రోజూ ముగ్గు పడే ఇంట్లో పుట్టింది. నన్ను చేసుకుని చర్చికి వచ్చాక మా అమ్మ ఆమెను వాకిట్లో పిండి పట్టనివ్వలేదు. నేను అమ్మకు ఎదురు చెప్పలేదు.  నెల అయిపోగానే బాలమ్మ క్యాలెండరు కాగితం చింపుకుని, పెన్నుతో చుక్కలు పెట్టి, వెనక గీసుకునేది. ఆ కట్ట సౌమ్యకు చెందాలి. అమ్మా, వాటిని దాచిపెట్టకు, బడిలో పిల్లలకు చూపించు.

3. నా ఆక్సిజన్ మిషను త్రిపురారం పిచ్చయ్యకు ఇవ్వాలి. షెడ్డులో నా పక్క మిషను మీద పద్దెనిమిదేళ్లు బండలకు పాలిష్ పట్టినవాడు. "నాకేం గాలె, జర దగ్గు అంతే" అంటున్నాడు. నేనూ అట్లాగే అన్నాను. అతనికి వాడే పద్ధతి కూడా చెప్పాలి. గొట్టం పొడవు పదిహేను అడుగులు. నా మంచం నుంచి గుమ్మానికి పద్నాలుగు. గుమ్మం దాకా వెళ్లి నిలబడవచ్చు, వాకిట్లోకి దిగితే ముక్కులోది ఊడివస్తుంది. కరెంటు పోతే మాట్లాడకూడదు, భయపడకూడదు, ఎవరైనా వచ్చి సిలిండరు తిప్పేదాకా కొంచెం కొంచెంగా పీలుస్తూ కూర్చోవాలి. పద్నాలుగు నెలలుగా నాకు కనిపించే లోకం ఎదురింటి గోడ, సగం కాలువ కట్ట. శ్మశానం కట్టకు అవతల ఉంది. ఇక్కడి నుంచి కనబడదు.

4. నేను పనిచేసిన షెడ్డు యజమానికి ఏమీ ఇవ్వను. కొత్త కారు కొన్న ఏడాది, దాని మీద తెల్లదుమ్ము పడుతోందని ఆయన షెడ్డు కిటికీలన్నీ రేకులతో మూయించాడు. లోపల పన్నెండుమందిమి ఉన్నాం. నాకు జబ్బు చేసిందని తెలిసి దుప్పటి పంపాడు. దాని కవరు కూడా చింపలేదు. సౌమ్య దాన్ని తీసుకెళ్లి ఆయన చేతికే ఇచ్చి రావాలి. కోపంతో చేస్తున్న పని కాదని రాయమన్నాను. తరువాత ఆలోచిస్తే కోపంతోనే. వెంకట్ మొదటిది కొట్టేస్తానన్నాడు, రెండూ ఉంచమన్నాను.

5. నాతో ముప్పై ఏళ్లు బండలు మోసిన సైదయ్యకు ఈ కాగితంలో ఏమీ రాయడం లేదు. సాక్షి సంతకం పెట్టేవాడికి ఇందులో ఏమిచ్చినా చెల్లదట. అందుకని నా ఉలులు, సుత్తులు, మూలమట్టం నిన్ననే అతని ఇంటికి పంపేశాను. అందులో పెద్ద సుత్తి మొదట అతనిదే. పదేళ్ల కిందట అడిగితే నీది కాదు, నాదేనన్నాను.

6. యూనివర్సిటీ అమ్మాయి రమ్యకు, నేను ఉల్లి బండ పరిచిన చోట్ల జాబితా ఇస్తున్నాను. ఉల్లి బండ అనేది మా మేస్త్రీల మాట. కోసిన ఉల్లిగడ్డలా రాతిలో గుండ్రటి చుట్లు ఉంటాయి. మరకలనుకుని ఎవరూ కొనరు. సగం కంకర కొట్టే క్రషర్‌కు పోయేది. మిగతాది చుట్లున్న వైపు కిందికి తిప్పి, చదును పైకి పెట్టి, ఎవరూ పెద్దగా చూడని చోట పరిచేసేవాళ్లం. వాటి విలువ తెలియక చేసిన పొరపాటు అది.

రెండేళ్ల కిందట రమ్య అనంతగిరి వైపు క్వారీలకు వచ్చింది. ఆ చుట్లు ఏమిటో ఆమె చెప్పేదాకా మాకు తెలియదు. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతు లేని సముద్రం ఉండేదట. చేప లేదు, గడ్డి లేదు, కన్నున్న ప్రాణి ఒక్కటీ లేదు. నీళ్ల అడుగున పాకుడు మాత్రం ఉండేదట. దాని మీద బురద పడితే జిగురుతో పట్టుకుని, వెలుతురు కోసం ఆ పొర పైకి ఎక్కేదట. మళ్లీ బురద, మళ్లీ ఎక్కడం. అట్లా పేరుకున్న పొరలే మా ఉల్లి చుట్లు. మనం పీల్చే ఆక్సిజన్ మొదట్లో అటువంటి పాకుడు వదిలిందేనట. ఈ మిషను పక్కన కూర్చునే ఆమె నాకిది చెప్పింది. నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది. అవి దుమ్మును పట్టుకుని పైకెక్కాయి, మేము వాటిని దుమ్ము చేసి పీల్చాం.

ఆ పొర ఉన్న క్వారీ ఇప్పుడు తవ్వడం అయిపోయి నీళ్లతో నిండింది. అతుకు లేని పెద్ద బండ ఒక్కటి దొరికితే, రోజుకొకటిగా పడ్డ పొరలు వరసగా లెక్కపెట్టి అప్పట్లో ఏడాదికి ఎన్ని రోజులుండేవో తేల్చవచ్చని రమ్య ఆశ. నాకు గుర్తున్నంతవరకు: సూర్యాపేటలో ఒక లాడ్జి మరుగుదొడ్లు, మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు వెనక మెట్లు, కోదాడలో ఒక ఫంక్షన్ హాలులో చేతులు కడిగే చోటు. మిగతావి ఇళ్లలో స్నానాల గదులు, వాటి పేర్లు వేరే కాగితంలో ఉన్నాయి. అన్నీ సిమెంటులో అతికినవే, పెకిలిస్తే ముక్కలవుతాయి. లోపల ఎవరైనా స్నానం చేస్తుంటే కాసేపు ఆగమ్మా.

7. ముక్కలు కాకుండా లేచే బండ ఒక్కటే ఉంది.

బాలమ్మ పోయి నాలుగేళ్లయింది. సమాధి బండ అంచున పొరలు కనిపించి రమ్య పట్టేసింది. మా ఇంటికి వచ్చి, ఎత్తి చూస్తానని అడిగితే వినయ్, "మా అమ్మ మీద చెయ్యేస్తే మంచిగుండదు మేడం. ఆమెను గీడనన్న పండనియ్యుండ్రి" అని గేటు వేశాడు. వాడి ప్రేమను నేను తప్పు పట్టను. కాని నేను లోపలే, గుమ్మంలోనే నిలబడి విన్నాను. నోరు తెరవలేదు.

ఇప్పుడు తెరుస్తున్నాను. ఆ బండ క్వారీలో బయటపడ్డ రోజు బాలమ్మ నాకు సద్ది తెచ్చింది. "ఉల్లి బండ, ఎవడు తీస్కుంటడు, క్రషర్‌కు తోలుదాం" అన్నాడు సైదయ్య. బాలమ్మ దాని ముందు కూర్చుండిపోయింది. చెంగుతో తుడిచి, "ఎవరూ ఎయ్యకుండనే పడ్డ ముగ్గయ్యా ఇది. మన వాకిట్ల పరుస్తవా? పిండి గాదు గద, అత్తమ్మ ఏమంటది" అని అడిగింది. బండను ఇంటికి తెచ్చాను. వాకిట్లో పరచలేదు. అమ్మ ఏమంటుందోనని, సంఘంలో ఏమనుకుంటారోనని ఇంటి వెనక గోడకు ఆనించాను. పంతొమ్మిదేళ్లు అక్కడే ఉంది. అమ్మ పోయాక కూడా పరచలేదు. బాలమ్మ రెండోసారి అడగలేదు.

ఆమె పోయినప్పుడు ఆ బండే వేయాలనుకున్నాను. శ్మశానానికి వచ్చినవాళ్లు చూసి సమాధి మీద ముగ్గేమిటంటారని అప్పుడూ భయపడ్డాను. సైదయ్యా నేనూ చుట్లు కిందికి పెట్టి పరిచాం. చదును వైపున పేరు చెక్కాం. సిమెంటు అంటితే గీతలు పాడవుతాయని ఇసుకలో వేశాను, ఆ మాత్రం తెలివి ఉండింది. బతికుండగా అడిగింది ఇవ్వలేదు. పోయాక ఇచ్చి బోర్లించాను. నాకు సిగ్గుగా ఉంది, బాలమ్మా.

కనుక నా కోరిక ఇది. బండను తిప్పి, చుట్లు పైకి వచ్చేలా మళ్లీ పరచాలి. రమ్య ఒక అంచున నిలువునా జానెడు వెడల్పు పట్టీ కోసుకోవచ్చు, అది చాలునని ఆమే చెప్పింది. మిగతాది బాలమ్మదే. చెక్కిన పేరు కిందికి పోతుంది. పోనీ, ఆమెకు తన పేరు తెలుసు. ఒకటే షరతు, ఎత్తేది వినయ్ చేతులే కావాలి. వాడు కాదంటే ఈ అంశం రద్దు. నేను ఈ గుమ్మం దాటలేను, వాణ్ణి బలవంతపెట్టే హక్కూ నాకు లేదు. అడుగుతున్నాను, అంతే.

8. నన్ను ఆమె పక్కనే పెట్టాలి. నా మీద బండ వద్దు, మట్టి చాలు. లోపల ఉన్న రాయి నాకు సరిపోతుంది.

సంతకానికి ముందు చేర్చిన మాట: వెంకట్ ఇదంతా చదివి వినిపిస్తుండగా వినయ్ డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏడో అంశం మొత్తం విన్నాడు. అరవలేదు. "ఆనాడు నువ్వు గూడ ఉన్నవా మామా?" అని సైదయ్యను అడిగాడు. సైదయ్య తలూపాడు. ఇద్దరూ గునపాలు పట్టుకుని కట్ట మీదుగా వెళ్లారు. ఇద్దరు సాక్షులూ ఎదుట ఉండగానే సంతకం పెట్టాలని వెంకట్ అనడంతో అందరం ఆగాం. ఈలోపు నేను ఎన్నిసార్లు గుమ్మం దాకా వెళ్లానో ఇంకో సాక్షి, ఎదురింటి మరియమ్మ చెబుతుంది. గంటన్నర తరువాత సైదయ్య ఒక్కడే వచ్చాడు. బండ తిప్పారట. ఒక్క గీత చెడలేదట. రమ్యకు తనే ఫోన్ చేస్తానని వినయ్ చెప్పి పంపాడు. వాడు ఇంకా అక్కడే ఉన్నాడు. కాలువ నుంచి బకెట్‌తో నీళ్లు మోసి, వాళ్లమ్మ బండ కడుగుతున్నాడట.

పైన రాసినదంతా చదివించుకుని, విని, ఒప్పుకుని, నా చేత్తో పెట్టిన సంతకం:

చింతల జానయ్య
కోదాడ, 17 నవంబరు 2025, సోమవారం

సాక్షులు:

1. మరియమ్మ, నర్సు, ఎదురిల్లు. సంతకం.

2. సైదయ్య, బండల మేస్త్రీ. సంతకం వచ్చు గాని చేతుల నిండా సమాధి మట్టి ఉన్నందున వేలిముద్ర, సిరా లేకుండా ఆ మట్టితోనే. కడుక్కుని రమ్మని లేఖరి అన్నాడు. నేనే వద్దన్నాను.

దస్తావేజు లేఖరి: వెంకట్