పట్టా మీద ఐనార్ చోటు

శనివారం ఉదయం,
గుడారాల మైదానం నుంచి

ప్రియమైన సిగ్రిద్ వదినకు,

నీ కొత్త తుంటి నీ మాట వింటోందా, లేక దానికీ మీ వంశం మొండితనమే అబ్బిందా? వారంలో నడిపించేస్తానన్న ఆ డాక్టరు ఇప్పుడేమంటున్నాడో అడిగి రాయి. ఈసారి నువ్వు పక్కన లేకపోవడం వల్ల ఏం నష్టమో నిన్న తెలిసొచ్చింది. నువ్వుంటే నా నోటికి అడ్డం పడేదానివి. జరిగింది రాస్తాను, తప్పెవరిదో చెప్పు. నాదే అనేటట్టయితే జవాబు రాయనక్కర్లేదు.

నిన్న పొద్దున్న ఆరింటికే పాటల పండుగ గేటు ముందు వరసలో నిలబడ్డాను. లోపలికి ఎవరు ముందో చీటీలు తీస్తే నాకు రెండు వందల పన్నెండు వచ్చింది. గేటు తెరవగానే "నడవండి, పరిగెత్తకండి" అని మైకులో అరుస్తూనే ఉన్నారు, జనం చంకల్లో పట్టాలు పెట్టుకుని కుందేళ్ళలా దూకుతూనే ఉన్నారు. ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో లాటిన్ చెప్పిన గొంతు నాది. "ఆ ఎర్రటోపీ! నిన్నే చూస్తున్నాను!" అని ఒక్క కేక వేశాను. ఎర్రటోపీ ఆగింది. గడ్డం నెరిసిన మనిషి, పాపం, నా వయసుకి ఓ పదేళ్ళు తక్కువుంటాయి. అతని వెనక మరో నలుగురు ఆగారు. నేను వాళ్ళ మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి, మన పాత చోట్లోనే, పెద్ద వేదికకు ఎడమగా వాలు మొదలయ్యే దగ్గర, నీలం టార్పాలిన్ పట్టా పరిచాను.

పొట్టికాళ్ళ కుర్చీ ఒక్కటే తెచ్చుకున్నాను కానీ, పట్టాను మాత్రం మడత పూర్తిగా విప్పి పరిచాను. కుడివైపు సగం ఐనార్‌ది. నవంబరులో పోయినవాడికి జులైలో చోటెందుకని నువ్వు అడగవు. ముప్ఫై నాలుగు వేసవులు ఆ సగం మీద టోపీ ముఖాన వేసుకుని నీ తమ్ముడు పాటలు విన్నాడు. చివరి ఏళ్ళలో చిన్న వేదికల దగ్గరికి రావడం మానేశాడు, నీకు తెలుసుగా. "నువ్వు వెళ్ళిరా, నేను పట్టా చూస్తుంటాను" అనేవాడు. మానిటోబాలో పాత పట్టా ఎవరెత్తుకుపోతారు? బద్ధకం, అంతే. ఆ మాట మొహం మీదే అనేదాన్ని.

మధ్యాహ్నం మూడో వేదికకు వెళ్ళాను. అక్కడ ఒకరి ముఖం ఒకరెరగని వాళ్ళు ముగ్గురు నలుగుర్ని తెచ్చి ఒకే వరసలో కూర్చోబెడతారు, నాకు మొత్తం పండుగలో ఇష్టమైంది అదే. కేప్ బ్రెటన్ నుంచి ఒక ఫిడేలు పిల్ల. ఉత్తర ధ్రువం వైపు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి ముఖానికి ఒకరు ముఖం దగ్గరగా పెట్టి, ఊపిరితోనే గొంతులోంచి పాడతారు. సస్కచెవాన్ గోధుమరైతు ఒకాయన, బాంజోతో. ఆయన తన ఊరి రైలుస్టేషను మూసేసిన పాట పాడాడు. గొంతు అంతంత మాత్రమే. కానీ మూడో చరణం దగ్గర ఆ ఇద్దరు ఆడవాళ్ళు మెల్లిగా ఊపిరి కలిపారు, వదినా, రైలు వచ్చేసింది. ఎక్కడో దూరంగా బయల్దేరి మా మధ్యలోకి వచ్చేసింది. ఫిడేలు పిల్ల కూత వేయించింది. రైతు పాడటం ఆపేసి వాళ్ళవైపు చూస్తూ ఉండిపోయాడు. వాన చినుకులు పడుతున్నా ఒక్కరూ లేవలేదు. దోమలు కూడా తాళానికే కుట్టాయి.

అంత ఆనందంతో తిరిగి వచ్చాను. వచ్చేసరికి ఐనార్ సగం మీద ఒకావిడ బూట్లు విప్పుకుని కూర్చుని ఉంది. డెబ్భై దాటిన మనిషి, నెరిసిన జడ.

"లేవండి," అన్నాను.

"పట్టా ఖాళీగానే ఉందిగా," అంది, అవసరానికి మించిన గొంతుతో.

"ఖాళీగా లేదు."

"ఎవరున్నారు?"

"మా ఆయన."

ఆవిడ తన చుట్టూ ఒకసారి చూసుకుంది. "సరే, ఆయన రాగానే లేస్తాను."

"ఆయన రాడు. మీరు లేవండి!"

గొడవ విని నారింజరంగు చొక్కా వాలంటీరు వచ్చాడు. "బామ్మగారూ, ఖాళీ పట్టా మీద ఎవరైనా కూర్చోవచ్చండి. ఆ చోటు మనిషి వస్తే లేవాలి. పండుగ పుట్టినప్పటి నుంచీ ఉన్న రూలే."

"పుట్టినప్పటి నుంచి కాదు నాయనా, పదకొండో ఏటి నుంచి. రాసింది నేను. అందులో కామా కూడా నాదే."

"మరి మీరు రాసిందే కదండీ..."

"రాసినదాన్ని నేనే కొట్టేస్తున్నాను. వెళ్ళు."

ఆవిడ అంతసేపూ నా నోటివైపే చూసింది, పళ్ళు ఎన్నున్నాయో చూస్తున్నట్టు. బూట్లు చేత్తో పట్టుకుని లేచి, పట్టా దిగి, "అయితే ఐనార్ పోయాడన్నమాట," అంది. అని వెళ్ళిపోయింది.

నేను ఆయన పేరు చెప్పలేదు, వదినా. ఇవాళ ఆవిడ ఎక్కడున్నా పట్టుకుని కనుక్కుంటాను.

నీ
ఆల్డిస్

శనివారం సాయంత్రం

సిగ్రిద్ గారికి,

మీరు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఆరోగ్యంగా లేకపోయినా ఈ ఉత్తరం పూర్తిగా చదవవలసిందే.

ఆవిడ పేరు ఒడీల్. సెయింట్ బోనిఫాస్ మనిషి. ఇరవై ఆరేళ్ళు బట్టల కర్మాగారంలో మిషన్ల మధ్య పనిచేసి రెండు చెవులూ పోగొట్టుకుంది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పోల్చుకుంటుంది. కూతురు పండుగ వంటశాలలో వాలంటీరు కాబట్టి ఏటా వస్తుంది. మధ్యాహ్నం ఆవిడ బెర్రీపళ్ళు కూరిన పై రొట్టె తింటుంటే పట్టుకున్నాను. ఎదురుగా కూర్చుని, మా ఆయన మీకెలా తెలుసని అడిగాను. ఆడది ఏ ఉద్దేశంతో అలా అడుగుతుందో ఆవిడకి అర్థమైంది. నోట్లో ముద్ద పెట్టుకునే నవ్వింది.

"మీరు భయపడేదేం లేదమ్మా. మేమిద్దరం చెవిటివాళ్ళం, అంతే."

"ఐనార్ చెవిటివాడు కాదు."

"మాటకి కాదు. పాటకి."

మీకు ఆ తర్వాత ఆవిడ చెప్పింది రాయనక్కర్లేదు. మీకు తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట ఆయన రెజైనాలో మీ ఇంటికి వచ్చినప్పుడు, మీరే దగ్గరుండి చెవుల పరీక్ష చేయించారు. ఎదురుగా కూర్చుంటే మాట వినిపిస్తుంది, పాట మాత్రం రేకుడబ్బాలో మేకులు పోసి ఊపినట్టే ఉంటుంది, చెవి మిషన్ పెడితే మేకులు ఇంకా పెద్దవవుతాయి, అన్నారట డాక్టరు. ఆయన ఆ సంగతి ఒడీల్‌కి చెప్పాడు. పండుగలో పై రొట్టె తినే పరాయి మనిషికి చెప్పాడు! మీకు తెలుసు. ఆవిడకు తెలుసు. బహుశా ఆ నారింజ చొక్కావాడికి కూడా తెలుసు.

నాకు తెలియదు. నేను కొద్దిపాటి చెముడనుకున్నాను. అరవై దాటిన మగాళ్ళకి పెళ్ళాం గొంతు దగ్గర మాత్రమే వచ్చే చెముడు ఉంటుంది కదా, అదనుకున్నాను. తను వాయించే అకార్డియన్ చర్చికి ఇచ్చేసినప్పుడు వేళ్ళు బిగుసుకున్నాయన్నాడు, నమ్మాను. 

ఎనిమిదేళ్ళు ఆ మేకుల డబ్బా పక్కన మూడేసి రోజులు ఎండలో పడుకున్నాడు. ఎందుకు? నా కోసం ఓర్చుకున్నాడా? నేను భరించలేనిది అదే. నా జీవితంలో ఇంతకన్నా మంచి రోజులు లేవు, సిగ్రిద్ గారూ. మా పెళ్ళి బాగున్నప్పుడూ, బాగోలేనప్పుడూ, ఈ వాలు మీదికి వస్తే ఇద్దరం ఒకచోట ఉన్నట్టుండేది. ఇప్పుడు చూస్తే నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టు వచ్చి పోయాడు.

ఇంకోటి రాస్తాను, మీకు కాకపోతే ఎవరికి రాయను? నేను చిన్న వేదికల నుంచి తిరిగి రాగానే ఆయన అడిగేవాడు. "ఎవరు పాడారు? ఏం పాడారు? ఎలా ఉంది?" ప్రతిసారీ అడిగేవాడు. నేనేమనేదాన్నో తెలుసా? "అంత కావాలంటే లేచి రావచ్చుగా," అనేదాన్ని. "బాగుంది," అనేదాన్ని. ఎనిమిదేళ్ళూ ఆ ఒక్క ముక్కే విసిరాను. నాకు మాటలు లేకనా? తెలిస్తే చరణం చరణం చెప్పేదాన్ని కదా! ఎవరు ఎక్కడ తప్పు పాడారో, ఎవరు ఎవర్ని చూసి నవ్వారో, అంతా చెప్పేదాన్ని కదా! మీ అక్కాతమ్ముళ్ళు కలిసి నన్ను ఒక పిసినారిని చేశారు. అదీ మాటల్లో పిసినారిని. నన్ను!

రేపు పొద్దున్న పట్టా మడతపెట్టి ఇంటికి వెళ్ళిపోతున్నాను. ఇక ఈ వాలు ఎక్కను. మీకూ ఇదే చివరి ఉత్తరం.

ఇట్లు,
ఆల్డిస్ (మీ తమ్ముడి భార్య)

ఆగస్టు 3,
ఇంటి నుంచి

వదినా,

చివరి ఉత్తరమన్నాను, అవును. నా మాట మీద నిలబడటం నాకు ఎప్పుడు చాతనైంది? ఆ రెండు పేజీలూ "మీరు" అని రాసేసరికి చెయ్యి లాగేసింది. నీ జవాబు అందింది. తొమ్మిది వాక్యాల్లో ఏడు క్షమించమనే. మిగతా రెండూ పదిసార్లు చదివాను. "వాడు నాచేత ఒట్టు వేయించుకున్నాడు. 'ఆల్డిస్‌కి తెలిస్తే వేదికల దగ్గరికి వెళ్ళడం మానేసి నా పక్కనే కూర్చుంటుంది, అది మాత్రం నేను చూడలేను' అన్నాడు."

ఎవరాయన, నేనేం చేస్తానో తేల్చడానికి? నన్నడిగాడా? నా బదులు తనే ప్రశ్న వేసుకుని, తనే జవాబు చెప్పుకుని, తనే మార్కులు వేసుకున్నాడు. నా క్లాసులో ఇలాంటివాణ్ణి బయట నిలబెట్టేదాన్ని. అన్నిటికన్నా ఒళ్ళు మండేది ఏమిటంటే, ఆ జవాబు సరైనదే. కూర్చునేదాన్ని. గొప్ప త్యాగం చేస్తున్నట్టు ముఖం పెట్టుకుని ఎనిమిదేళ్ళూ అక్కడే కూర్చుని, ఆ సంగతి ఆయనకి రోజుకి రెండుసార్లు గుర్తుచేసేదాన్ని.

ఆదివారం సంగతి నీకు రాయలేదు. పొద్దున్నే పట్టా మడతపెడదామని వాలెక్కాను. ఒడీల్ అక్కడే ఉంది. పట్టా మీద లేదు, అంచుకు జానెడు దూరంలో తడి గడ్డి మీద నిలబడి ఉంది, నేను గీత గీసి వెళ్ళినట్టు. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది.

"నిలబడ్డారెందుకు? కూర్చోండి. తడికి కీళ్ళు పట్టుకుంటే మళ్ళీ నామీదికి వస్తుంది."

కూర్చుంది. కింద పెద్ద వేదిక మీద తూర్పు సముద్రతీరం నుంచి వచ్చిన అకాడియన్ కుటుంబం ఒకటి పాడుతోంది, తల్లీ నలుగురు కూతుళ్ళూ. కూర్చునే కాళ్ళతో చెక్క మీద తాళం వేస్తున్నారు. జనమంతా ఒక్కసారి గొల్లున నవ్వారు.

"ఎందుకు నవ్వుతున్నారు?" అంది ఒడీల్.

"ఏదో వేళాకోళం," అన్నాను.

అన్నాక నాకే వినిపించింది, నేనేమన్నానో. పట్టా మడత వదిలేసి, ఆవిడకి ఎదురుగా, వేదికకి వీపు పెట్టి కూర్చున్నాను. "ఆ తల్లికి నలుగురు అల్లుళ్ళు. ఒకడికి వంట రాదు, ఒకడికి చేపలు పట్టడం రాదు, మూడోవాడికి రెండూ వచ్చు కానీ నోరు మూసుకోవడం రాదు. నాలుగోవాడి గురించి పాడబోతుంటే చిన్నకూతురు లేచి తల్లి నోరు మూసింది. వాడితో తనకింకా పెళ్ళి కాలేదట, పాడు చెయ్యొద్దంది." ఒడీల్ పడీపడీ నవ్వింది. ఇక ఆగలేదు, వదినా. ఫిడేలు ఎక్కడ ముందుకెళ్ళిందో, తల్లి గొంతు ఎక్కడ బీటలు వారిందో, దాన్ని పెద్దకూతురు తన గొంతుతో ఎలా కప్పేసిందో అంతా చెప్పాను. తర్వాత వచ్చినవాళ్ళవీ చెప్పాను. రెండు గంటలు.

వెనక పట్టా మీద గడ్డం మనిషి ముందుకు వంగాడు. శుక్రవారం నాటి ఎర్రటోపీయే. "అమ్మగారూ, మేం పాట వినడానికొచ్చాం."

"నేను వినిపించడానికొచ్చాను. మీకంత గొప్ప చెవులుంటే రెండిట్నీ వినండి."

అతను ఒడీల్‌నీ, నన్నూ చూసి, అర్థమైనట్టుంది, తన థర్మాస్‌లోంచి మా ఇద్దరికీ కాఫీ పోసిచ్చాడు. అలాంటి కాఫీ శత్రువుకి కూడా పోయకూడదు. తాగాను.

నా గొంతు పోయాక ఒడీల్ మొదలుపెట్టింది. "ఐనార్ కూడా నాకు చెప్పేవాడు, మీరు వినొచ్చిన పాటలన్నీ."

"నేను ఆయనకేం చెప్పానని? 'బాగుంది' అనేదాన్ని."

"మీరు నోరు తెరిచేలోపే ఆయనకి తెలిసిపోయేది. మీరు వాలెక్కి వస్తుంటే టోపీ తీసి లేచి కూర్చునేవాడు. మీరు దగ్గరికి వచ్చేసరికి నేను పక్క పట్టా మీదికి జరిగేదాన్ని, మీరెప్పుడూ నన్ను చూడలేదు. 'చూడు, చేతులు వెనక్కి కట్టుకుంది, ఎవడో మంచి పాట పాడుచేశాడు' అనేవాడు. 'తల అటూ ఇటూ ఊపుతోంది, ఫిడేలు' అనేవాడు. ఒక ఏడాది మీరు ఏడ్చుకుంటూ వచ్చి, కంట్లో దోమ పడిందన్నారు. ఆయన నావైపు తిరిగి, గొంతు పైకి రాకుండా పెదవులతోనే, 'ఒడీల్, ఇవాళ చాలా గొప్ప పాట విన్నాం' అన్నాడు."

ఆ పాట నాకు గుర్తుంది. న్యూఫౌండ్‌లాండ్ ముసలావిడ, వాయిద్యం లేకుండా, కళ్ళు మూసుకుని, సముద్రంలో పోయిన అన్న కోసం పాడింది. ఐనార్ ఆ సాయంత్రమంతా నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఎందుకో అప్పుడు అడగలేదు.

నేను పట్టా మడతపెట్టలేదు. చివర్లో అందరూ వేదికెక్కి కలిసి పాడేదాకా ఉన్నాం. వచ్చే జులైకి నువ్వూ వస్తున్నావు, తుంటి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. మధ్యలో నువ్వు కూర్చో, ఒడీల్ కుడివైపు. నీమీద కోపం తగ్గిందనుకోకు, దాన్ని ఎదురుగా కూర్చుని తీర్చుకోవాలనే రమ్మంటున్నాను. నీ తమ్ముడి మీదది మాత్రం ఎక్కడ తీర్చుకోవాలో తెలియడం లేదు. ఎనిమిదేళ్ళపాటు నా నడకలోంచి పాటలు విన్నాడు మనిషి. నా మోకాలు వాచి, అడుగడుక్కీ మూలుగుతూ వాలెక్కిన ఏడాది ఏం విన్నాడో, ఆ పాడినవాళ్ళని ఎంత తిట్టుకున్నాడో!

నీ
ఆల్డిస్