గోడకు అటు స్విచ్, ఇటు మెషిన్

ఏప్రిల్ 4

గోడ పూర్తయింది. హాలు మధ్యలో తెల్లటి బోర్డు గోడ. పెయింటు వాసన ఇంకా పోలేదు. అటు అక్కా బావా, ఇటు నేను. నాన్న పోయాక అక్కా నేనూ గొడవ పడకుండా తీసుకున్న నిర్ణయం ఇదొక్కటే.

వంటగదులు వేరు, వాకిళ్ళు వేరు. గిన్నెలు పంచుకున్నాం, కుర్చీలు పంచుకున్నాం. ఏసీని మాత్రం ఇద్దరం మర్చిపోయాం. ఇల్లంతటికీ గాలి ఊదే పెద్ద పెట్టె నా వైపు స్టోర్ రూమ్‌లో ఉండిపోయింది. దాన్ని నడిపే స్విచ్, అదే థర్మోస్టాట్, అక్క హాల్లో గోడకి ఉండిపోయింది. గాలి వెళ్ళే డక్టులు పైకప్పు లోపలి నుంచి రెండు వైపులకీ వెళ్తాయి. అంటే మెషిన్ నాది, పెత్తనం ఆవిడది. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరి మధ్యా ఇదే వరస.

వేరే వేరే పెట్టించుకునేదాకా కాస్త సర్దుకుందాం అమ్మాయ్ అన్నాడు బావ. సరేనన్నాను. సర్దుకోవడానికి కాదు. మెషిన్ నా వైపు ఉంది కదా అని.

ఏప్రిల్ 7

ఎందుకే నీకింత కసి అని ఎవరూ అడగరు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నా.

నాన్న పోయిన రోజు, పొద్దున్నే నేను షాపుకి వెళ్ళాక ఆయనకి ఆయాసం వచ్చింది. అక్క హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది. నా కళ్ళజోళ్ళ షాపు హాస్పిటల్‌కి వెళ్ళే దారిలోనే ఉంది. వాళ్ళ కారు షాపు అద్దం ముందు నుంచే వెళ్ళి ఉంటుంది. ఫోను చెయ్యలేదు. మధ్యాహ్నం చెయ్యలేదు. సాయంత్రం తాళం వేసి ఉన్న ఇంటికి వచ్చి, ఎదురింటావిడ చెబితే తెలుసుకున్నాను. అప్పటికే అంతా అయిపోయింది. నాన్న పోతున్న టైములో నేను ఎవరికో కళ్ళజోడు పెట్టి, ఈ ఫ్రేము మీ మొహానికి భలే నప్పింది మేడం అని నవ్వుతున్నాను.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అక్కని ఉడికించి ఉడికించి ఏడిపించాలి. అంతే.

ఏప్రిల్ 11

ఫిల్టర్ మార్చాను. పాతది దుమ్ముతో కంబళిలా ఉంది. దాని అట్ట అంచున నాన్న పెన్సిల్‌తో నెల పేరు రాసి ఉంది. మా ఇద్దరికంటే ఈ మెషిన్‌నే ఎక్కువ గారం చేశాడు మనిషి. ఏసీ పెట్టించిందీ ఆయనే, ఏసీ గదుల్లో స్వెట్టరు తొడుక్కుని తిరిగిందీ ఆయనే.

ఆ స్వెట్టర్లన్నీ అట్టపెట్టెలో సర్ది మెషిన్ పక్కనే దాచాను. అక్క అడిగితే ఎవరికో ఇచ్చేశానని చెప్పాను. మొహం చూడాలి!

స్టోర్ రూమ్ గుమ్మం దగ్గర నాన్న స్టూలు అలాగే ఉంది. గాలిని వెనక్కి లాక్కునే జాలీ సరిగ్గా దాని పక్కన. రోజూ కాఫీ అక్కడే తాగుతున్నా. నాన్నతో పైకే మాట్లాడుతున్నా. పిచ్చిపట్టిందనుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషి లేడు, హాయి. మీ పెద్ద కూతురు చేసిన పని చూశారా అని మొదలుపెడితే కాఫీ చల్లారిపోతుంది.

ఏప్రిల్ 16

ఇవాళ మంచి రోజు.

డక్టు పక్కన చిన్న పిడి ఉంటుంది. తిప్పితే లోపల రేకు అడ్డం పడి అటువైపు గాలి ఆగిపోతుంది. నాన్న ఒకప్పుడు చూపించాడు. స్టూలెక్కి అక్క వైపు పిడులన్నీ తిప్పేశాను. దిగి, అదే స్టూలు మీద కూర్చుని, మూసేశాను నాన్నా, ఇక ఉడకనీ మీ ముద్దుల కూతుర్ని అని చెప్పాను. కడుపు చల్లబడింది.

ఏప్రిల్ 18

బావ వచ్చాడు. నుదుటి మీద చెమట. వాళ్ళ వైపు గాలి రావట్లేదట, నీకు వస్తోందా అని అడిగాడు. నాకూ అంతంతమాత్రమే బావా, పాతబడిపోయింది కదా అన్నాను. వెనక నా కర్టెన్లు జెండాల్లా ఎగురుతున్నాయి. చూశాడో లేదో. పాపం అనిపించలేదు. కాస్త అనిపించింది, బావ మీద.

ఏప్రిల్ 19

మెషిన్ అసలు ఆగడం లేదు. అక్క హాలు చల్లబడితేగా ఆగడానికి! థర్మోస్టాట్ అక్కడుంది, గాలంతా ఇక్కడుంది. నా గదులు ఐసు పెట్టెలయ్యాయి. ఇంట్లో సాక్సు వేసుకుని తిరుగుతున్నా. ఇంత చిన్న సంగతి ముందే తట్టలేదు నా బుర్రకి.

ఏప్రిల్ 20

చేతులు కొంకర్లు పోతున్నాయి నాన్నా అని పొద్దున విసుక్కున్నానో లేదో, గాలి టప్పున ఆగిపోయింది. అక్క కావాలనే కట్టేసింది. పగబట్టింది.

ఏప్రిల్ 25

సాయంత్రం ఉక్కతో చచ్చాను. ఈ ఉక్కలో ప్రాణం పోయేలా ఉంది నాన్నా అని చీర కొంగుతో విసురుకుంటూ అన్నాను. వెంటనే మెషిన్ రొద మొదలుపెట్టి ఎముకలు కొరికే చలి. ఆవిడ నాతో ఆడుకుంటోంది. ఆడుకోనీ.

మే 1

అక్క వరండాలో మంచం వేసుకుంది. కిటికీలోంచి చూశాను. చేత్తో విసనకర్ర ఊపుకుంటూ అటూ ఇటూ దొర్లుతోంది. ఒక్కసారైనా వచ్చి తలుపు కొట్టి, ఏం చేశావే అని అడగదేం? అడిగితే మొహం మీదే చెబుదామని మాటలన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నా. నిమ్మకు నీరెత్తినట్టు పడుకుంది.

జాలీ దగ్గర కూర్చుని గట్టిగానే అన్నాను. నాకు ఇంకా చల్లగా కావాలి నాన్నా, ఇంకా ఇంకా చల్లగా, నేను స్వెట్టరు వేసుకునైనా కూర్చుంటా, ఆవిడకి మాత్రం గాలి పోనివ్వను అని.

మే 3

మెషిన్ రెండు రోజులుగా ఊపిరి తీసుకోకుండా తిరుగుతోంది. గాలి మాత్రం సన్నబడింది. ఏదో మూలుగుతోంది లోపల.

మే 4

సర్వనాశనం.

షాపు నుంచి వచ్చేసరికి వంటగదిలోకి నీళ్ళు. మెషిన్ తలుపు తీస్తే లోపల గాలిని చల్లబరిచే కాయిల్ మీద తెల్లగా మంచు, గడ్డలు గడ్డలుగా. అది కరిగి, ట్రే నిండి, పొర్లి, తిన్నగా అట్టపెట్టెలోకి కారింది. నాన్న స్వెట్టర్లు. అన్నీ. బూడిద రంగుది, మోచేతి దగ్గర చిల్లున్న గోధుమ రంగుది, అన్నీ ముద్దయిపోయాయి. తీసి పిండుతుంటే తుప్పు నీళ్ళు వచ్చాయి. ఆయన వాసన కూడా వాటితో పోయింది.

చాలాసేపు ఏడ్చాను. అక్కని తిట్టుకుంటూనే ఏడ్చాను.

మే 5

మెకానిక్ వచ్చాడు. మనుషులతో తక్కువ, మెషిన్లతో ఎక్కువ మాట్లాడే రకం. గొణుగుడు అని పేరు పెట్టాను. పిడుల వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ పిడుల వంక చూశాడు. అటు గాలి ఆపేసి, పైగా టెంపరేచరు అడుగుకి దించేస్తే మంచు కట్టక ఏం చేస్తుంది మేడం అన్నాడు. కాయిల్‌కి చిల్లు పడింది, మోటార్లోకి నీళ్ళు పోయాయి, దీన్ని బాగు చేసే కంటే తీసేయడం నయం అన్నాడు. పిడుల సంగతి అటువైపు చెప్పకండి అన్నాను. చెప్పనమ్మా అని మెషిన్‌కి మాటిచ్చినట్టు దాన్ని తట్టాడు.

మంచు అక్క వల్లే కట్టింది. అడుగుకి దించింది ఆవిడే. నేను సగమే చేశాను. ఇలా రాసుకుంటే బాగానే ఉంది.

మే 6

స్వెట్టర్లు పెరట్లో తీగ మీద ఆరేశాను. వేరే దారి లేదు. గుట్టు రట్టయింది. అక్క వచ్చి తీగ ముందు నిలబడింది. ఇచ్చేశానన్నావుగా అని అనలేదు. గోధుమ రంగుది తీసుకుని, తడితడిగానే మడతపెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

దొంగ! నాది కూడా దొంగతనమే అనుకో.

మే 19

ఇవాళ జరిగింది వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నాకే నమ్మకం కుదరదు.

రెండు చిన్న మెషిన్లు వస్తున్నాయి, ఎవరిది వాళ్ళకి. గొణుగుడు నా స్టోర్ రూమ్‌లో పాతది విప్పుతున్నాడు. అక్క వైపు కొత్తది ఎక్కడ పెట్టాలో చూడమని బావ పిలిచాడు. గోడ కట్టాక అటు వెళ్ళడం ఇదే మొదలు. హాల్లో ఒక కుర్చీ వింతగా ఉంది. టీవీ వైపు కాదు, కిటికీ వైపు కాదు, గోడకి మొహం పెట్టి, వాళ్ళ వైపు జాలీకి ఆనుకుని ఉంది. పక్కనే కప్పు పెట్టుకోవడానికి చిన్న పీట. చెయ్యి చాస్తే థర్మోస్టాట్.

కాళ్ళు పీకుతున్నాయని అందులో కూలబడ్డాను. చెవిలో ఎవరో మాట్లాడారు. రారా, నట్టూ రారా, మొండికెయ్యకు అని. గొణుగుడు! నా స్టోర్ రూమ్‌లో, నోట్లో నోట్లో గొణుక్కుంటున్న మాట అక్షరం పొల్లుపోకుండా వినపడుతోంది. పానా కింద పెట్టిన చప్పుడు కూడా.

వాళ్ళ జాలీ, నా జాలీ గోడలో ఒకే కన్నానికి రెండు మూతులన్నమాట.

వెనక్కి తిరిగితే అక్క. గోధుమ రంగు స్వెట్టరులో, ఆ ఎండల్లో. అన్నీ విన్నావా అన్నాను. రోజూ అంది. పిడులు మూసింది కూడానా అన్నాను. మూసిన రోజే తెలుసు అంది. నువ్వు చలి అంటే ఆపేదాన్ని, ఉక్క అంటే వేసేదాన్ని, ఇంకా చల్లగా అన్నావని అడుగుకి దించేశాను, మెషిన్ పాడవుతుందని నాకేం తెలుసు అంది. చిన్నప్పుడు మంచినీళ్ళు తెచ్చిస్తూ విసుక్కున్నట్టే విసుక్కుంది.

మరి ఆ రోజు ఫోను ఎందుకు చెయ్యలేదు అన్నాను. అడగడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ నాన్ననే అడుగుతున్నాను.

ఫోను చేతిలోనే ఉందట. నీ షాపు ముందు కారు ఆపించానంది. అద్దంలోంచి నువ్వు నవ్వుతూ కనిపించావు, నీకు చెబితే నాన్న పోవడం నిజమైపోతుందనిపించింది, కారు పోనివ్వమన్నాను, తప్పు నాదే, నువ్వు రోజూ నాన్నతో చెప్పినవాటిలో ఒక్క అబద్ధం లేదు, అందుకే కూర్చుని విన్నాను అంది.

మా వైపు వచ్చి తలుపేసుకున్నాను.

మే 20

కోపం తగ్గలేదు. ఎక్కువైంది. ఉడికించానని నేను మురిసిపోతుంటే, ఆవిడ తెలిసే ఉడికింది. పగ కూడా నన్ను సొంతంగా తీర్చుకోనివ్వలేదు. అందులోనూ పెత్తనమే.

మే 23

షాపులో ఒకావిడకి కళ్ళజోడు పెట్టాను. బాగుందా అని అడిగింది. బాగుంది అన్నాను. నవ్వు వచ్చింది. రానిచ్చాను.

మే 27

కొత్త మెషిన్లు బిగించేశారు. చప్పుడే లేదు. పాతదాన్ని తోసుకెళ్తుంటే అక్క వాకిట్లో, నేను వాకిట్లో, ఎవరి గుమ్మంలో వాళ్ళం నిలబడ్డాం. నేను దాచుకున్న, నాన్న పెన్సిల్‌తో రాసిన పాత ఫిల్టర్ అట్టలో సగం చింపి ఆవిడకి ఇచ్చాను. చింపకుండా ఇవ్వలేకపోయాను.

మే 28

గోడలోని పాత కన్నానికి రేకు కొట్టేయనా అని గొణుగుడు అడిగాడు. ఇవాళ వద్దన్నాను.

స్టూలు మీద కూర్చుని, అక్కా, చలేస్తోంది అన్నాను.

అవతల కుర్చీ కిర్రుమంది. నీ స్విచ్ ఇప్పుడు నీ దగ్గరే ఏడ్చింది కదే, నొక్కుకో అని అరిచింది.

నొక్కలేదు.