మూడో గోడౌన్ మీద మంచు లేదు

మాంచెస్టర్, డిసెంబర్ 2010, మంగళవారం రాత్రి

నేను పనిచేసే బొగ్గు యార్డ్‌ల అన్ని గోడౌన్ల మీద మంచు పేరుకుంది, ఒక్క మూడోదాని మీద తప్ప. జర్మనీ నుంచి ఓడల వచ్చిన లిగ్నైట్ అందులనే కుప్ప పోసిన్రు. ఇక్కడోళ్లు చలికాలం ఇండ్లల్ల కాల్చుకునే గోధుమరంగు బొగ్గు అది.

పొద్దున సెక్యూరిటీ డ్యూటీ దిగే ముందు ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూసిన. జ్వరమొచ్చిన ఒళ్లు లెక్క కాలుతుంది. లోపల హీటర్ లేదు. రోజూ ఆ గోడ పక్కన పండుకునే పిల్లి కూడా కనబడలేదు.

సూపర్‌వైజర్‌కు చెప్తే ఎండ తగిలి ఉంటదన్నడు. వారం నుంచి ఎండ మొహమే చూడలేదు మేము.

కొత్తగూడెం గనిల పనిచేసినప్పుడు నాయన చెప్తుండె, బొగ్గుకు అగ్గిపుల్ల అక్కర్లేదు, కుప్పల దానంతటదే రాజుకుంటదని. మంట కనబడకముందే దాని విషగాలి మనిషిని నిద్రపుచ్చుతదట.

ఈ రాత్రి డ్యూటీల నా రూమ్మేట్ శీను ఉన్నడు. పొయ్యేముందు ఇదంతా చెప్తే నవ్విండు.

ఇది రాస్తుంటెనే వాని మెసేజ్ వచ్చింది. "అన్నా, బయట చలి చంపుతుంది. మూడో గోడౌన్‌ల మస్తు వెచ్చగుంది. తలుపేసుకొని కూసున్న. నిద్రొస్తుంది."

ఫోన్ చేస్తున్న. ఎత్తుతలేడు.